సరస్సు నుంచి గాజుతొట్టెకు: ఆక్సలాటల్ చరిత్ర

ఇంతకు ముందు పాఠాలలో వలస పాలన కాలంలో సింకోనా, రబ్బరు వంటి మొక్కలు ఒక ఖండం నుంచి మరో ఖండానికి ఎలా చేరాయో చదివారు. ఈ పాఠంలో ఒక జంతువు ప్రయాణాన్ని పరిశీలిద్దాం. ఇది పెద్ద జంతువేమీ కాదు. పొడవు జానెడు, మహా అయితే జానెడున్నర. దీని పేరు ఆక్సలాటల్. మెక్సికో నగరానికి ఆనుకొని ఉన్న సరస్సులు దీని జన్మస్థలం. ఈ రోజు ప్రపంచంలోని అనేక విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలలో ఇది వేల సంఖ్యలో పెరుగుతున్నది. కాని తన సొంత సరస్సులో దాదాపు కనుమరుగైంది. ఈ రెండూ ఎలా జరిగాయన్నదే మన ప్రశ్న.

విజ్ఞానశాస్త్ర నేపథ్యం లేని విద్యార్థులు కంగారు పడనవసరం లేదు. పాఠానికి కావలసిన జీవశాస్త్రం కొద్దిగానే ఉంది. దానిని ముందుగా చూద్దాం.

9.1 జంతువును గురించి కొంత

సాలమాండర్లు కప్పల మాదిరిగా ఉభయచరాలు. ఆకారం బల్లిని పోలి ఉంటుంది. చర్మం మాత్రం కప్ప చర్మంలా తడిగా, పొలుసులు లేకుండా ఉంటుంది. మన తెలుగు ప్రాంతాలలో సాలమాండర్లు లేవు. భారతదేశంలో డార్జిలింగ్ పరిసరాలలోని హిమాలయ కొండలలో ఒక రకం కనిపిస్తుంది. అందువల్ల వీటికి మన భాషలో వాడుక పేరు లేకపోవటంలో ఆశ్చర్యం లేదు.

వర్షాకాలంలో కుంటలలో ఈదే తోకకప్పలను మీరు చూసే ఉంటారు. అవి మొప్పలతో నీటిలో శ్వాసిస్తాయి. కొన్ని వారాలకు కాళ్లు మొలిచి, తోక కరిగి, మొప్పలు పోయి, గట్టు ఎక్కుతాయి. ఈ మార్పును రూపవిక్రియ అంటారు. మార్పుకు ముందు దశలో ఉన్న జీవిని డింభకం అంటారు. సాలమాండర్లలో కూడా చాలా వాటికి ఇదే క్రమం వర్తిస్తుంది.

ఉత్తర అమెరికాలో ఆంబిస్టోమాటిడే అనే సాలమాండర్ల కుటుంబం ఉంది. కెనడా నుంచి మెక్సికో పీఠభూమి వరకు ఇందులో ముప్ఫైకి పైగా జాతులు ఉన్నాయి. బలమైన శరీరం, వెడల్పాటి తల వీటి లక్షణాలు. నేల మీద నివసించే సాలమాండర్లలో పెద్దవాటిలో ఒకటైన పులిచారల సాలమాండర్ ఈ కుటుంబానిదే. పసిఫిక్ తీరపు అడవులలోని మరికొన్ని భారీ సాలమాండర్లను కూడా ఒకప్పుడు ఇందులోనే చేర్చారు. తరువాత వాటిని వేరే కుటుంబంగా విడదీశారు. ఈ కుటుంబపు జంతువులు సాధారణంగా సంవత్సరంలో ఎక్కువ కాలం నేలలోని బొరియలలో గడిపి, గుడ్లు పెట్టడానికి మాత్రమే నీటికి వస్తాయి.

ఆక్సలాటల్ ఈ కుటుంబంలోనిదే అయినా గట్టు ఎక్కదు. తలకు ఇరువైపులా మూడేసి చొప్పున కుచ్చుల వంటి మొప్పలతో, డింభక రూపంలోనే జీవితమంతా నీటిలో గడుపుతుంది. ఆ రూపంలోనే గుడ్లు పెడుతుంది. అంటే బాల్యం తీరకుండానే తల్లిదండ్రులయ్యే జంతువు ఇది. ఐరోపా పండితులను అరవై ఏళ్లకు పైగా తికమక పెట్టినది ఈ ఒక్క లక్షణమే.

9.2 సరస్సుల లోయ

మెక్సికో లోయ సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైగా ఎత్తున, చుట్టూ అగ్నిపర్వతాలు ఉన్న ఒక గిన్నె లాంటి ప్రదేశం. ఆ గిన్నెలోంచి నీరు బయటకు పోయే సహజమైన దారి లేదు. కాబట్టి అందులో ఒకదానినొకటి తాకుతూ ఐదు సరస్సులు ఏర్పడ్డాయి. మధ్యనున్న టెష్కోకో ఉప్పునీటిది. దక్షిణాన ఉన్న సొచిమిల్కో, చాల్కో సరస్సులు ఊటల వల్ల నిండే మంచినీటివి. ఆక్సలాటల్ ఈ రెండు మంచినీటి సరస్సుల జీవి.

టెష్కోకో సరస్సులోని ఒక దీవి మీద ఆజ్టెక్ ప్రజలు టెనోచ్టిట్లాన్ నగరాన్ని నిర్మించుకున్నారు. దక్షిణ సరస్సులలో వారు చేసిన వ్యవసాయం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. లోతు తక్కువ ఉన్న నీటిలో బురద, నాచు, మొక్కల చెత్త పొరలు పొరలుగా పోసి, అంచులలో చెట్లు నాటి, పొడవాటి మడులు తయారు చేసేవారు. వీటిని చినాంపాలు అంటారు. మడికి మడికి మధ్య పడవ పోయేటంత కాలువ ఉండేది. ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ పంటలు తీసేవారు. ఆ కాలువలే ఆక్సలాటల్‌కు ఇల్లు. మనిషి చేసిన మార్పు ప్రతిసారీ జంతువుకు చేటు చేస్తుందని మనం అనుకుంటాం. ఇక్కడ అలా జరగలేదు. రైతు తవ్విన కాలువలో ఆక్సలాటల్ కూడా బతికింది.

ఆ ప్రజల భాష నాహువాటిల్. అందులో 'ఆట్ల్' అంటే నీరు. 'షోలోట్ల్' అనేది ఒక దేవుడి పేరు. కుక్క ముఖంతో చిత్రించే ఈ దేవుడు కవలలకు, వింత రూపాలకు అధిపతి. స్పానిష్ మతగురువు బెర్నార్డినో దె సహాగున్ 16వ శతాబ్దంలో నాహువా పండితుల సహాయంతో తయారు చేసిన బృహద్గ్రంథంలో ఈ పేరు వెనుక కథ ఉంది. సూర్యుడు కదలాలంటే దేవతలందరూ బలి కావాలి. షోలోట్ల్ మాత్రం చావుకు భయపడి ఏడుస్తూ పారిపోయాడు. మొక్కజొన్న చేలో జంట కాండాల మొక్కగా మారాడు. దొరికిపోయాడు. కిత్తనారను పోలిన మాగే మొక్కలలో జంట మొక్కగా మారాడు. మళ్లీ దొరికిపోయాడు. చివరకు నీటిలో దూకి ఆక్సలాటల్‌గా మారాడు. అక్కడే పట్టుకొని చంపారు.

పురాణకథను చరిత్రకు ఆధారంగా తీసుకోవచ్చా అని మీరు అడగవచ్చు. సంఘటనకు ఆధారంగా తీసుకోలేం. కాని పరిశీలనకు ఆధారంగా తీసుకోవచ్చు. రూపాలు మారుస్తూ వచ్చి, ఒక రూపం దగ్గర ఆగిపోయిన జీవిగా ఆ ప్రజలు ఈ జంతువును తలచుకున్నారు. ఐరోపా శాస్త్రజ్ఞులు 19వ శతాబ్దంలో చాలా శ్రమపడి చేరుకున్న నిర్ణయం కూడా దీనికి దూరమేమీ కాదు. ఈ పోలికను మరీ సాగదీయకూడదు గాని, ఒకసారి గుర్తు పెట్టుకోవటం మంచిది.

సహాగున్ గ్రంథం ప్రకారం ఆక్సలాటల్ మంచి ఆహారం, ప్రభువులు తినేది. స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ ఆస్థాన వైద్యుడు ఫ్రాన్సిస్కో హెర్నాండెజ్ 1570లలో మెక్సికో అంతా తిరిగి మొక్కలు, జంతువుల వివరాలు సేకరించాడు. ఆక్సలాటల్ మాంసం రుచికి ఈలు చేపను పోలి ఉంటుందని అతడు రాశాడు. అతని మూల రాతప్రతులు 1671లో ఎస్కోరియల్ రాజభవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. అంతకు ముందే తయారైన సంక్షిప్త ప్రతి ఆధారంగా 1651లో రోమ్‌లో అచ్చయిన పుస్తకం వల్ల ఐరోపాకు ఈ సమాచారం అందింది. 1780లో, బహిష్కృతుడై ఇటలీలో ఉంటున్న మెక్సికో జెసూట్ చరిత్రకారుడు క్లవిహేరో తన దేశచరిత్రలో ఈ జంతువును మళ్లీ వర్ణించాడు.

అంటే ఐరోపా ప్రయోగశాలలకు చేరటానికి మూడు వందల ఏళ్ల ముందు నుంచే ఆక్సలాటల్ గురించి రాతపూర్వకమైన సమాచారం ఉంది. అందుకే కొన్ని పాఠ్యపుస్తకాలలో 'ఆక్సలాటల్‌ను కనుగొన్నారు' అని వచ్చే వాక్యాన్ని ఈ పాఠ రచయిత ఒప్పుకోలేడు. దానిని ఎవరూ కనుగొనలేదు. అంగట్లో అమ్మేవారు.

9.3 సారాయి సీసాలో రెండు జంతువులు

1798లో ఇంగ్లాండులో జార్జ్ షా అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆక్సలాటల్‌కు మొదటి శాస్త్రీయ నామం ఇచ్చాడు. పేరులో ఆయన వాడిన ప్రజాతి తోకకప్పలకు సంబంధించినది. ఆయన దృష్టిలో ఇది ఎదగని జీవే.

1803-04 సంవత్సరాలలో జర్మన్ యాత్రికుడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ మెక్సికోలో పర్యటించాడు. అతడు సారాయిలో నిల్వచేసిన రెండు ఆక్సలాటల్‌లను పారిస్‌కు తెచ్చి జార్జ్ క్యూవియేకు అప్పగించాడు. ఎముకలను చూసి జంతువు ఎలాంటిదో చెప్పగల శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడిగా క్యూవియేకు ఆనాడు ఐరోపాలో సాటి లేరు. ఆయన కోసి చూశాడు. పుర్రె, మొప్పల ఎముకలు పరిశీలించి, ఇది మనకింకా తెలియని ఏదో పెద్ద సాలమాండర్‌కు డింభకం అయి ఉండాలని 1807లో ప్రకటించాడు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మొప్పలు పోగొట్టుకున్న ఆక్సలాటల్‌ను చూశామని మెక్సికో నుంచి ఎవరూ చెప్పలేదు. చూడలేదనే చెప్పారు. ఏళ్లు గడిచినా ఆ 'పెద్ద సాలమాండర్' జాడ దొరకలేదు. చివరకు క్యూవియే తన ప్రసిద్ధ జంతు వర్గీకరణ గ్రంథంలో ఆక్సలాటల్‌ను శాశ్వతంగా మొప్పలు ఉండే జంతువుల మధ్య చేర్చాడు. ఇంతమంది సాక్షులు చెబుతున్నారు గనుక చేరుస్తున్నానే గాని సందేహం పోలేదని అక్కడే రాసుకున్నాడు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఒకవైపు శరీర నిర్మాణం చెప్పే సాక్ష్యం, మరొకవైపు సరస్సు పక్కన బతికే మనుషుల సాక్ష్యం. రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా ఉన్నాయి. మామూలుగా ఇలాంటప్పుడు చరిత్రకారుడు ఏదో ఒకదానిని తప్పు అంటాడు. నిజానికి ఇక్కడ రెండూ సరైనవే. క్యూవియే చెప్పినట్లు అది డింభకమే. స్థానికులు చెప్పినట్లు అది మొప్పలు పోగొట్టుకోదు. రెండూ ఒకేసారి నిజం కాగలవని ఊహించే భావన మాత్రమే ఆనాటికి లేదు.

9.4 సైన్యం వెనుక వచ్చిన జంతువులు

1861లో మెక్సికో అధ్యక్షుడు బెనిటో హువారెజ్ విదేశీ అప్పుల చెల్లింపును నిలిపివేశాడు. ఆ సాకుతో ఫ్రాన్స్ చక్రవర్తి మూడవ నెపోలియన్ సైన్యాన్ని పంపించాడు. 1863లో ఫ్రెంచి సేన మెక్సికో నగరంలో ప్రవేశించింది. 1864లో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్‌ను సింహాసనం మీద కూర్చోబెట్టారు. అదే సంవత్సరం మెక్సికోను పరిశోధించడానికి పారిస్‌లో ఒక శాస్త్రీయ కమిషన్‌ను కూడా నియమించారు. ఈజిప్టు మీద దండెత్తిన మొదటి నెపోలియన్ వెంట పండితులు వెళ్లిన సంగతి మీకు తెలుసు. ఇది దానికి అనుకరణ.

ఇదే కాలంలో పారిస్‌లో మరో సంస్థ కూడా పనిచేస్తున్నది. ఇతర దేశాల జంతువులను, మొక్కలను ఫ్రాన్స్ వాతావరణానికి అలవాటు చేసి, తిండికి, ఉన్నికి, పనికి వాడుకోవాలన్నది దాని ఆశయం. ఆ ఆశయంతో 1860లో బువా ద బూలోన్ వనంలో ఒక జంతుప్రదర్శనశాలను తెరిచారు. మెక్సికో నుంచి బతికి ఉన్న 34 ఆక్సలాటల్‌లు వచ్చి చేరినది అక్కడికే. శాస్త్రం కోసం గాక, ఉపయోగపడే కొత్త జంతువులుగా వచ్చాయన్నమాట. వాటిలో ఆరింటిని పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో సరీసృపాల విభాగానికి అధిపతి అయిన ఆగస్ట్ డ్యుమెరిల్‌కు ఇచ్చారు. ఆ ఆరింటిలో ఆడది ఒక్కటే.

1865 జనవరిలో ఆ ఒక్క ఆడ ఆక్సలాటల్ గుడ్లు పెట్టింది. మార్చిలో మళ్లీ పెట్టింది. డ్యుమెరిల్‌కు విషయం తేలిపోయినట్లే అనిపించి ఉండాలి. గుడ్లు పెట్టిన జంతువు డింభకం ఎలా అవుతుంది? కాబట్టి క్యూవియే పొరబడ్డాడు, ఆక్సలాటల్ పెద్ద జంతువే.

ఆ సంతోషం ఎనిమిది నెలలు నిలిచింది. ఆ సంవత్సరం సెప్టెంబర్ నాటికి పిల్లలు తల్లిదండ్రులంత అయ్యాయి. అప్పుడు వాటిలో కొన్నింటి మొప్పలు కుంచించుకుపోవటం మొదలైంది. వీపు మీది రెక్క లాంటి పొర మాయమైంది. చర్మం మీద పసుపు మచ్చలు వచ్చాయి. తొట్టెలో ఉన్నవి ఇప్పుడు ఆక్సలాటల్‌లు కావు. అమెరికా నుంచి చాలా కాలంగా తెలిసిన ఆంబిస్టోమా రకపు సాలమాండర్లు. డ్యుమెరిల్, ఆయన తండ్రి కలిసి లోగడ రాసిన సరీసృపాల గ్రంథంలో ఈ రెండు జంతువులనూ వేర్వేరు విభాగాలలో చేర్చారు. ఇప్పుడు ఒకటి మరొకటిగా ఆయన కళ్ల ముందే మారింది.

మరో విచిత్రం, తల్లిదండ్రులు మాత్రం మారలేదు. అవే మొప్పలతో అదే తొట్టెలో ఉండి మళ్లీ మళ్లీ గుడ్లు పెట్టాయి. మారిన పిల్లలు, అంటే లెక్క ప్రకారం 'పెద్దవి' అయినవి, డ్యుమెరిల్ బతికి ఉన్నంత కాలం సంతానం కనలేదు. బాల్యదశలో ఉన్నవి పిల్లలను కంటున్నాయి, పెద్దవైనవి కనటం లేదు! డ్యుమెరిల్ మొప్పలను కత్తిరించి చూశాడు. అందువల్ల మార్పు వస్తుందని ఆశించాడు. స్పష్టమైన ఫలితం రాలేదు.

డ్యుమెరిల్ చేసిన మరో పని దీర్ఘకాలంలో ఇంతకంటే ముఖ్యమైనదని తేలింది. ఆయన తన జంతువులను, గుడ్లను అడిగిన వారికల్లా ఉచితంగా పంచిపెట్టాడు. ఐరోపాలోని శాస్త్రజ్ఞులకు, పెంపకందార్లకు పారిస్ సంతతి చేరింది. ఎంత సులభంగా పెరిగాయంటే, వాటి కోసం మళ్లీ మెక్సికోకు వెళ్లవలసిన అవసరం చాలామందికి కలగలేదు. మాక్సిమిలియన్ సామ్రాజ్యం 1867లో అతని మరణశిక్షతో ముగిసింది. ప్రష్యా సేనలు పారిస్‌ను చుట్టుముట్టి ఉండగా 1870 నవంబర్‌లో డ్యుమెరిల్ మరణించాడు. ఆ చలికాలంలో ఆకలికి తాళలేక పారిస్ ప్రజలు జంతుప్రదర్శనశాలలోని ఏనుగులను కూడా తిన్నారు. అప్పటికే ఆక్సలాటల్‌లు అనేక నగరాలలో ఉన్నాయి.

మీ అవగాహనను పరీక్షించుకోండి: 1865 జనవరిలో డ్యుమెరిల్‌కు లభించిన ఆధారం ఏమిటి? అదే సంవత్సరం సెప్టెంబర్‌లో లభించిన ఆధారం ఏమిటి? మొదటిది తప్పుడు ఆధారమా, లేక దాని నుంచి తీసిన నిర్ణయం తప్పా? పది వాక్యాలలో రాయండి.

9.5 వైస్‌మన్, షోవిన్, వెలాస్కో

జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో ఆగస్ట్ వైస్‌మన్ పరిణామ సిద్ధాంతం మీద పనిచేస్తున్నాడు. డార్విన్ గ్రంథం వెలువడి అప్పటికి పదిహేనేళ్లే అయింది. ఒకే జీవితకాలంలో ఒక జంతువు మరో ప్రజాతికి చెందిన జంతువుగా మారిందంటే, పరిణామం మెల్లగా జరగకుండా ఒక్కసారిగా గెంతు వేసిందని కొందరు అనటం మొదలుపెట్టారు. వైస్‌మన్‌కు అది నచ్చలేదు. పరీక్షించాలనుకున్నాడు.

ప్రయోగం చేసినది మాత్రం మేరీ ఫాన్ షోవిన్ అనే మహిళ. ఆమెకు విశ్వవిద్యాలయంలో పదవి లేదు. పిల్ల ఆక్సలాటల్‌లను లోతు తక్కువ నీటిలో ఉంచి, తల గాలిలోకి వచ్చేటట్లు చేసి, రోజుల తరబడి నీటిని తగ్గిస్తూ, చివరకు తడి నాచు మీదకు చేర్చింది. ఏ దశలో ఎంత తిండి పెట్టాలి, ఎంత తడి ఉండాలి అన్నది ఆమె చేతి ఓపిక మీద ఆధారపడిన పని. అంతకు ముందు ప్రయత్నించిన వారి జంతువులు చాలా వరకు చచ్చిపోయాయి. ఆమె దగ్గర బతికినవన్నీ సాలమాండర్లుగా మారాయి. వైస్‌మన్ 1875లో ప్రచురించిన తన వ్యాసంలో ఆమె నివేదికను ఆమె పేరుతోనే ఇచ్చాడు. ఆ కాలానికి ఇది చెప్పుకోదగిన విషయమే.

వైస్‌మన్ వివరణ ఇది. మెక్సికో ఆక్సలాటల్‌ల పూర్వీకులు ఒకప్పుడు నేల మీద తిరిగే సాలమాండర్లే. తరువాత ఆ సరస్సుల చుట్టూ గాలి పొడిబారి, ఒడ్డు ఉప్పు పేరుకొని నివాసయోగ్యం కాకుండా పోవటంతో, అవి నీటిలోనే ఉండిపోయాయి. పారిస్‌లో జరిగినది ముందుకు వేసిన గెంతు కాదు, పూర్వీకుల రూపానికి తిరిగి వెళ్లటం. తెలివైన వివరణే. కాని వైస్‌మన్ మెక్సికోను చూడలేదు. ఆ పొడి గాలి, ఉప్పు ఒడ్డు ఆయన పుస్తకాల నుంచి ఊహించుకున్నవి.

మెక్సికోను బాగా చూసిన మనిషి ఒకరు ఉన్నారు. ఆయన హోసె మరియా వెలాస్కో. ఆ దేశపు అత్యంత ప్రసిద్ధ ప్రకృతి దృశ్య చిత్రకారుడు. శాంతా ఇసబెల్ కొండ మీద నుంచి ఆయన గీసిన మెక్సికో లోయ చిత్రాలను మెక్సికో ప్రజలు జాతీయ సంపదగా భావిస్తారు. ఆ చిత్రాలలో కనిపించే నీటి పలకలు నేడు చాలా వరకు లేవు. వెలాస్కోకు జంతుశాస్త్రం మీద కూడా ఆసక్తి ఉండేది. ఆ కొండ సమీపంలోని శాంతా ఇసబెల్ సరస్సులో పెరిగే ఆక్సలాటల్ రకాన్ని ఆయన పరిశీలించాడు. వేసవిలో నీరు ఇంకినపుడు అవి మొప్పలు వదిలి నేల మీదకు రావటాన్ని గమనించి, మెక్సికో ప్రకృతి చరిత్ర సంఘం పత్రిక 'లా నాతురలేసా'లో 1879లో తానే గీసిన బొమ్మలతో ప్రచురించాడు. మెక్సికో వాతావరణం గురించి వైస్‌మన్ చేసిన ఊహలు వాస్తవానికి సరిపోవని అందులో వాదించాడు.

ఆయన చూసినది సొచిమిల్కో జాతి కాదు, దానికి దగ్గరి బంధువు. తరువాత ఆ జాతికి ఆయన పేరే పెట్టారు. అందువల్ల వెలాస్కో వైస్‌మన్‌ను పూర్తిగా ఖండించాడని చెప్పటం అతిశయోక్తి అవుతుంది. సరస్సు ఎండిపోతే మారే జాతి ఒకటి, ఎన్నటికీ ఎండని ఊటల సరస్సులో మారకుండా ఉండిపోయిన జాతి ఒకటి పక్కపక్కనే ఉన్నాయన్నది ఈ ఇద్దరి రచనలను కలిపి చదివితే మనకు బోధపడుతుంది. వైస్‌మన్ వ్యాసం ఇంగ్లీషులోకి వెళ్లింది, ఆ అనువాద గ్రంథానికి డార్విన్ ముందుమాట రాశాడు. స్పానిష్‌లో వచ్చిన వెలాస్కో వ్యాసాన్ని ఐరోపాలో చదివినవారు తక్కువ. ఏ పరిశీలన ఏ భాషలో అచ్చయింది అన్నది దాని భవిష్యత్తును నిర్ణయిస్తుందనటానికి ఇది మంచి ఉదాహరణ. తెలుగు మాధ్యమంలో చదువుకుంటున్న మీకు దీనిని వివరించి చెప్పనక్కరలేదు.

1880ల మధ్యలో యూలియస్ కోల్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు డింభక రూపాన్ని నిలుపుకొనే ఈ స్థితికి 'నియోటెనీ' అని పేరు పెట్టాడు. క్యూవియే దగ్గర లేని మాట ఇదే.

9.6 ప్రయోగశాలలో

మిగిలిన కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1912లో గుడర్‌నాచ్ తోకకప్పలకు థైరాయిడ్ గ్రంథిని తినిపిస్తే అవి ముందుగానే కప్పలయ్యాయి. 1913లో చెక్ శాస్త్రజ్ఞుడు లావ్‌ఫ్‌బెర్గర్ ఆక్సలాటల్‌లకు పశువుల థైరాయిడ్ గ్రంథిని పెట్టాడు. అవి సాలమాండర్లయ్యాయి. 1920లో ఇంగ్లాండులో జూలియన్ హక్స్‌లీ ఇదే ప్రయోగం చేసినపుడు పత్రికలు సంచలన వార్తగా రాశాయి. నీరు, గాలి, ఉప్పు కాదు, అసలు కీలకం గ్రంథిలో ఉంది. ఆక్సలాటల్ శరీరానికి మారే శక్తి పోలేదు. మార్పును మొదలుపెట్టే హార్మోను తగినంత రావటం లేదు, అంతే.

తెగిన కాలును, తోకను, వెన్నుపాము భాగాన్ని కూడా ఆక్సలాటల్ తిరిగి పెంచుకోగలదు. అందువల్ల 20వ శతాబ్దంలో దానికి ప్రయోగశాలలలో స్థానం ఇంకా బలపడింది. అమెరికాలో రూఫస్ హంఫ్రీ 1930లలో బఫెలోలో మొదలుపెట్టిన ఆక్సలాటల్ సంతతి తరువాత ఇండియానా విశ్వవిద్యాలయానికి, 2005లో కెంటకీ విశ్వవిద్యాలయానికి చేరింది. ప్రపంచంలోని పరిశోధకులకు నేటికీ అక్కడి నుంచే ఎక్కువగా సరఫరా అవుతుంది. 2018లో దీని జన్యుక్రమాన్ని ప్రచురించారు. అందులో సుమారు 3,200 కోట్ల అక్షరాలు ఉన్నాయి, మనిషి జన్యుక్రమానికి దాదాపు పదిరెట్లు.

9.7 నీరు ఎటు పోయింది?

ఇప్పుడు సరస్సు దగ్గరకు తిరిగి వద్దాం. 1521లో టెనోచ్టిట్లాన్ పతనమైంది. స్పానిష్ పాలకులు అదే చోట తమ రాజధాని కట్టుకున్నారు. ఆజ్టెక్‌ల కట్టలు, తూములు యుద్ధంలో దెబ్బతిన్నాయి. వాటి నిర్వహణ కొత్త పాలకులకు తెలియదు. చుట్టుకొండల అడవులు నరకటంతో మట్టి కొట్టుకొచ్చి సరస్సులు పూడాయి. వరద మీద వరద వచ్చింది. నీటితో కలిసి బతికే పద్ధతిని వదిలి, నీటిని లోయ నుంచి బయటకు తోలెయ్యాలని వారు నిర్ణయించారు. 1607లో ఎన్రికో మార్టినెజ్ ఆధ్వర్యంలో ఉత్తరపు కొండలలో సొరంగం తవ్వకం మొదలైంది. వేలాదిమంది ఆదివాసీ కూలీలతో బలవంతంగా పని చేయించారు. అయినా 1629లో వచ్చిన వరదలో నగరం సుమారు అయిదేళ్లు నీటిలోనే ఉంది. పని మాత్రం ఆగలేదు. వలస పాలన పోయి స్వతంత్ర దేశం వచ్చినా అదే పథకం కొనసాగింది. 1900లో అధ్యక్షుడు పోర్ఫీరియో దియాజ్ గొప్ప ఉత్సవంతో పెద్ద మురుగు కాలువను ప్రారంభించాడు.

ఆ కాలువ ప్రధానంగా టెష్కోకో నీటిని తరలించింది. ఆక్సలాటల్ ఉన్న దక్షిణ సరస్సులకు దెబ్బ వేరే దారుల్లో వచ్చింది. 1890లలో ఒక భూస్వామి మొక్కజొన్న సాగు కోసం చాల్కో సరస్సును ఎండగట్టటం మొదలుపెట్టాడు. దాని మీద ఆధారపడిన గ్రామాల చేపల వేట, రెల్లు, పడవ దారి అన్నీ దానితోనే పోయాయి. 1910 ప్రాంతంలో సొచిమిల్కో ఊటల నీటిని గొట్టాల ద్వారా రాజధానికి తాగునీరుగా మళ్లించారు. ఊటలు తగ్గిపోయాక, కాలువలు ఎండిపోకుండా నగరపు మురుగునీటిని శుద్ధి చేసి వదలటం ప్రారంభించారు. నగరం మంచినీరు తీసుకొని, వాడిన నీరు తిరిగి ఇచ్చిందన్నమాట. 20వ శతాబ్దం రెండవ సగంలో, జనానికి చౌకగా మాంసకృత్తులు దొరుకుతాయని గడ్డిచేపను, తిలాపియాను కాలువలలో వదిలారు. ఆ చేపలు ఆక్సలాటల్ గుడ్లను, పిల్లలను తినటం మొదలుపెట్టాయి.

మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయ పరిశోధకుల అంచనా ప్రకారం 1998లో సొచిమిల్కోలో చదరపు కిలోమీటరుకు సుమారు 6,000 ఆక్సలాటల్‌లు ఉండేవి. 2008 నాటికి అవి 100కు, 2014 నాటికి సుమారు 36కు తగ్గాయి. సొచిమిల్కోను 1987లోనే ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించారు. 2021లో విడుదలైన 50 పెసోల నోటు మీద చినాంపాల మధ్య ఆక్సలాటల్ బొమ్మ ఉంది.

ప్రయోగశాలలో వేలకొద్దీ ఉన్నాయి గదా, వాటిని తెచ్చి వదిలితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. అంత సులభం కాదు. ప్రయోగశాలల సంతతిలో ఎక్కువ భాగం డ్యుమెరిల్ తొట్టెలోని ఆ కొద్ది జంతువుల నుంచి వచ్చినది. తరతరాలుగా రక్తసంబంధం ఉన్న వాటి మధ్యే సంతానం కలిగింది. పైగా 1960లలో హంఫ్రీ ఒక తెల్లని పులిచారల సాలమాండర్‌తో సంకరం చేయించి వర్ణరహిత ఆక్సలాటల్‌లను సృష్టించాడు. ఆ జన్యువులు కూడా ఈ సంతతిలో కలిశాయి. అన్నింటికంటే ముఖ్యంగా, వదలటానికి తగిన నీరు ఉండాలి. అందుకే పరిశోధకులు ఇప్పుడు చినాంపా రైతులతో కలిసి పనిచేస్తున్నారు. పాత కాలువల మొదట్లో, చివర్లో వడపోత అడ్డుకట్టలు పెట్టి, చేపలు రాకుండా చేసి, ఆ రైతు పురుగుమందులు మానేస్తే, ఆ కాలువ ఆక్సలాటల్‌కు ఆశ్రయం అవుతుంది. మడి మీద పండిన కూరగాయలకు కొంచెం మంచి ధర రావాలి. రాకపోతే రైతు ఆ భూమిని ఫుట్‌బాల్ మైదానంగా అద్దెకు ఇస్తాడు. సొచిమిల్కోలో అలా మారిన చినాంపాలు ఇప్పటికే ఉన్నాయి.

డ్యుమెరిల్ పేరు మెక్సికోలో మరోచోట నిలిచి ఉంది. పశ్చిమాన పాట్స్‌క్వారో సరస్సులో నివసించే ఆక్సలాటల్ బంధువుకు 1870లో ఆయన పేరు పెట్టారు. స్థానికులు దానిని అచోకె అంటారు. అదీ అంతరించిపోయే దశలోనే ఉంది. ఆ ఊరిలో డొమినికన్ సన్యాసినుల మఠం ఒకటి ఉంది. అక్కడి సన్యాసినులు అచోకెతో దగ్గు మందు తయారు చేసి అమ్ముతారు. సరస్సులో వాటి సంఖ్య పడిపోవటంతో మఠంలోనే గాజుతొట్టెలు పెట్టి పెంచటం నేర్చుకున్నారు. ఈ రోజు ఆ జాతిని అధ్యయనం చేసే జంతుశాస్త్రజ్ఞులు ఆ మఠానికి వెళ్లి, ఏ నీటిలో పెడుతున్నారు, ఏం తినిపిస్తున్నారు అని సన్యాసినులను అడిగి రాసుకుంటున్నారు.